అరవై డబ్బాలకు ఆగడం నేర్పిన రోజులు

నేను గొప్పలు చెప్పుకుంటానని మా ఇంట్లో అందరూ అంటారు. చెప్పుకుంటాను. నాందేడ్‌లో మోటారు వైండింగ్ దుకాణం నడిపే మనిషి కూతురు మరాఠీ మీడియంలో చదివి, పాలిటెక్నిక్ పాసై, అదే దుకాణంలో సగం జాగాలో టేబుల్ వేసుకుని, ఒక ఊరి బావులన్నీ వాటంతట అవే కబురు చెప్పేలా చేసింది. ఆ కూతురు నేనే. ఈ పని వేరే ఎవరైనా చేసి ఉంటే వాళ్ళ గురించీ ఇంతే గొప్పగా చెప్పేదాన్ని, కాకపోతే కొంచెం కుళ్ళుకుంటూ చెప్పేదాన్ని.

దుకాణం మధ్యలో ఒక ఇనుప బీరువా అడ్డంగా ఉంటుంది. దానికి అటువైపు మా బాపు రాజ్యం. కాలిపోయిన బావి మోటార్లు, రాగి తీగ చుట్టలు, వార్నిష్ వాసన. ఇటువైపు నాది. సోల్డరింగ్ కడ్డీ, చిన్న చిన్న రేడియో ముక్కలు, ఒక పాత ల్యాప్‌టాప్. నేను తయారు చేసేది అరచేతంత డబ్బా. దాన్ని బావి దగ్గర మోటారు స్టార్టర్ పక్కన బిగించి, తీగ ఒకటి బావిలోకి వదులుతాం. కరెంటు రాగానే అది నిద్ర లేచి, కరెంటు వచ్చింది, నీళ్ళు ఇంత ఉన్నాయి, మోటారు తిరుగుతోంది అని కబురు పంపుతుంది. నీళ్ళు అడుగంటితే ఆ సంగతీ చెబుతుంది. రైతు ఇంట్లో కూర్చునే ఫోన్‌లో మోటారు ఆపేయవచ్చు. నీళ్ళు లేకుండా తిరిగే మోటారు ఎంతోసేపు బతకదు, కాలిపోతుంది.

మోటార్లు కాలితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. అందుకని బాపు వచ్చిన ప్రతి గిరాకీకీ బీరువా మీదుగా నన్ను చూపించి, నా బిడ్డ నా దుకాణం బంద్ పెట్టే మిషన్ తయారు చేస్తోందని చెప్పేవాడు. అలా చెప్పేటప్పుడు ఆయన మీసం ఒక్కచోట నిలిచేది కాదు.

మా సొంతూరు ఇస్లాపూర్‌కు దగ్గర. తెలంగాణ అక్కడికి నడిచిపోయేంత దూరం. ఇంట్లో తెలుగు, తహసీల్ ఆఫీసులో మరాఠీ, బజారులో ఏది నోటికొస్తే అది. నాకు ఊహ తెలియకముందే మేము ఊరు వదిలి నాందేడ్ వచ్చేశాం. చేను, బావి బాబాయి చూసుకుంటాడు. ఎందుకు వచ్చేశామని అడిగితే చేనుకు నీళ్ళు అందలేదని ఇంట్లో చెప్పేవారు. కరువు ప్రాంతంలో అది ఎవరైనా చెప్పే మాటే కాబట్టి నేను ఇంకేమీ తరచి అడగలేదు.

ఆ బావుల దగ్గర ఫోన్ సిగ్నల్ నిలవదు. అందుకే నా డబ్బాలకు వాటి సొంత రేడియో పెట్టాను. అన్నీ కలిసి ఊరి నీళ్ళ ట్యాంకు మీదున్న పెద్ద డబ్బాకు కబురు చెబితే, అది అందరి ఫోన్లకూ చేరవేస్తుంది. ముందు ఎనిమిది బావులకు పెట్టాం. ఒక యాసంగి మొత్తం బ్రహ్మాండంగా నడిచింది. దాంతో బాపు ఆగలేకపోయాడు. రైతుల గట్ మీటింగుకు వెళ్ళి, అరవై బావులకూ పెట్టుకోండి, నా బిడ్డ చేసిన సామాను తప్పదు, నేను జిమ్మేదారి అని మాట ఇచ్చి వచ్చాడు.

గట్ అంటే ఊరి రైతుల సంఘం. దాని పెద్ద, బాపు దుకాణం తెరిచిన నాటి నుంచి ఆయన దగ్గరే మోటార్లు చుట్టించుకుంటున్న ముసలాయన. నేను పెద్దబాపు అని పిలుస్తాను. దేన్నీ తొందరగా నమ్మే రకం కాదు. ఆ మీటింగులో ఆయన అన్న మాట బాపు నాకు దాచకుండా చెప్పాడు.

"నీ బిడ్డను జూసి కాదు, నిన్ను జూసి పెట్టుకుంటున్నం."

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ మంట కింద భయం కూడా ఉంది. ఇది పనిచేయకపోతే నేను ఇంకో పని వెతుక్కోగలను. అన్నేళ్ళుగా ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరూ ప్రశ్నించని బాపు మాట మాత్రం పోతుంది.

అరవై డబ్బాలూ బిగించిన మర్నాడు పొద్దున, ట్యాంకు కింద ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. కరెంటు వచ్చింది. పొలాల్లో మోటార్ల చప్పుడు మొదలైంది. ఫోన్‌లో ఏడు నంబర్లు వచ్చాయి. కాసేపటికి ఇంకో రెండు. అంతే. మర్నాడు అయిదు వచ్చాయి. ఆ మర్నాడు మళ్ళీ తొమ్మిది, అవీ వేరే తొమ్మిది.

ఏరియల్‌ది తప్పన్నాను. పెద్ద డబ్బాది తప్పన్నాను. మంచు కురుస్తోందన్నాను. బాబాయిది తప్పని కూడా ఒకసారి అన్నాను, ఆయన ఏమీ ముట్టుకోకపోయినా. ఇరవై డబ్బాలు విప్పించుకుని, సంచిలో వేసుకుని, మాహూర్ నుంచి వచ్చే బస్సులో నాందేడ్ తెచ్చాను. టేబుల్ మీద వరసగా పెట్టి ఒక్కొక్కటి ఆన్ చేస్తే ఇరవైకి ఇరవై మాట్లాడాయి. మళ్ళీ ఊరికి తీసుకెళ్ళి బిగిస్తే నోరు మెదపలేదు. అలా రెండుసార్లు తిరిగాను. టేబుల్ మీద బుద్ధిమంతులు, పొలంలో మొండివాళ్ళు.

ఈలోగా జరగకూడనిది జరిగింది. పెద్దబాపు బావిలో నీళ్ళు అడుగంటాయి, ఆ కబురు ఫోన్‌కు చేరలేదు, మోటారు కాలిపోయింది. ఆయన దాన్ని జీపులో వేసుకుని మా దుకాణానికే తెచ్చాడు. నా వైపు చూడలేదు. బీరువాకు అటువైపే నిలబడి, వచ్చే సోమవారం గట్ అంతా ట్యాంకు కింద కూర్చుంటుందని, అరవైకి అరవై మాట్లాడకపోతే అన్నీ పీకి గోనెసంచిలో పంపిస్తామని బాపుకు చెప్పి వెళ్ళాడు.

బాపు ఆ మోటారు విప్పి, నల్లబడిన తీగ లాగేయడం మొదలుపెట్టాడు. నేను బీరువాకు ఇటువైపు తల వంచుకుని కూర్చున్నాను. అప్పుడు అడిగాడు, కరెంటు రాగానే నీ డబ్బాలు ఏం చేస్తాయని. మాట్లాడతాయన్నాను. ఎన్ని అన్నాడు. అన్నీ అన్నాను. ఒక్కసారేనా అన్నాడు. చేతిలో చెక్క సుత్తి కింద పెట్టేశాడు.

"అరవై బావులకు ఆటోలు పెట్టినవ్ గద బిడ్డా."

అది విన్నాక నాకు కలిగినంత సిగ్గు పరీక్ష తప్పినప్పుడు కూడా కలగలేదు. ఆటో అంటే ఏమిటో మా ఇంట్లో నాకంటే ముందు ఇంకెవరికి తెలియాలి. మా వైపు పొలాలకు కరెంటు రోజంతా ఉండదు. వస్తే వచ్చినట్టు. కాపలా కాయలేక రైతులు స్టార్టర్‌కు ఆటో అనే చిన్న బిళ్ళ తగిలిస్తారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది. ఊరి మోటార్లన్నీ ఒక్క క్షణంలో లేస్తే ఆ బరువు మోయలేక డీపీ కాలిపోతుంది. డీపీ అని మేము ట్రాన్స్‌ఫార్మర్‌ను అంటాం. ఆటోలను తిట్టని రోజు మా దుకాణంలో లేదు. అక్కడ పెరిగిన నేను, అరవై రేడియోలను ఒకే క్షణంలో లేపి, ఒకేసారి అరిపించాను. అందరూ ఒక్కసారి అరిస్తే ట్యాంకు మీది డబ్బాకు ఏ ఒక్కరి మాటా అర్థం కాదు. పైగా కబురు అందకపోతే సరిగ్గా పది సెకన్లకు మళ్ళీ పంపమని నేనే రాసి పెట్టాను. పది సెకన్లకు మళ్ళీ అన్నీ కలిసే అరిచేవి. ఎనిమిది ఉన్నప్పుడు ఒకటి కొంచెం ముందు, ఒకటి కొంచెం వెనక లేచి ఎలాగో గట్టెక్కాయి. అరవై అయ్యేసరికి సందు దొరకలేదు. టేబుల్ మీదేమో నేను నా చేత్తో ఒక్కొక్కటి ఆన్ చేశాను, కాబట్టి గొడవే రాలేదు.

రుజువు కోసం ఇరవై డబ్బాలు ఒకే బోర్డుకు తగిలించి ఒకే స్విచ్ వేశాను. మూడు మాట్లాడాయి. బాపు పకపకా నవ్వాడు. నాకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి.

ఆ రోజు బాపు ఊళ్ళో ఉన్నప్పటి సంగతి చెప్పాడు. డీపీ మాటిమాటికీ కాలిపోతుంటే ఆయనే అందరి చేతా ఆటోలు తీసేయించాడట. స్విచ్ వేసే ముందు చెవి పెట్టి వినాలి. పక్క బావి మోటారు మూలుగుతూ లేస్తుంటే, అది సర్దుకుని నీళ్ళు పోసేదాకా ఆగాలి. ఇద్దరు ఒకేసారి వేయబోయి తగువు పడితే, ఒకరు బీడీ కాల్చుకుని రావాలి, ఇంకొకరు చేను చుట్టూ తిరిగి రావాలి. ఇద్దరూ బీడీయే కాల్చకూడదు. మళ్ళీ ఇద్దరూ కలిసే వస్తారు.

నేను ఆ మాటలన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. ప్రతి డబ్బా ముందు వినాలి. గాలిలో ఇంకెవరైనా మాట్లాడుతుంటే ఆగాలి. ఎంతసేపు ఆగాలో ఎవరికి వారు చీటీ తీసుకోవాలి, ఎవరి చీటీ వారిది. మళ్ళీ ఢీకొంటే, ఈసారి ఇంకా పెద్ద చీటీల కుప్పలోంచి తీయాలి, అప్పుడు మళ్ళీ ఒకే సంఖ్య తగిలే అవకాశం తగ్గుతుంది. గుంపు ఎంత పెద్దదైతే అంత ఓపిక పట్టాలి. ఒకే స్విచ్ మీద ఇరవైకి ఇరవై మాట్లాడాయి. నేను లేచి బీరువా తలుపు మీద దరువు వేశాను. పక్క దుకాణం వాళ్ళు తొంగిచూశారు, చూడనీ అనుకున్నాను.

శుక్రవారం బాపును తీసుకుని ఊరికి వెళ్ళాను. రెండు రోజులు బావి బావికీ తిరిగి, ల్యాప్‌టాప్ తీగ తగిలించి, డబ్బాలన్నిటికీ ఆగడం నేర్పాం. పెద్దబాపు కూడా కర్ర పట్టుకుని మా వెంటే తిరిగాడు, సాయానికి కాదు, నిఘాకు. ఆదివారం పొద్దున కరెంటు వచ్చినప్పుడు చూస్తే నలభై ఒకటి వచ్చాయి. మిగతా పందొమ్మిది రాలేదు.

రానివేవో చూస్తే మా ఊరి గుట్టకు అటు కొన్ని, ఇటు కొన్ని. అప్పుడు అర్థమైంది. టేబుల్ మీద అన్నీ ఒకదాని మాట ఒకటి వింటాయి. ఇక్కడ గుట్టకు అవతలి డబ్బా మాట్లాడుతుంటే ఇవతలి దానికి వినిపించదు. గాలి నిశ్శబ్దంగా ఉందనుకుని ఇదీ మొదలుపెడుతుంది. ట్యాంకు మీది డబ్బాకు మాత్రం రెండూ వినిపించి, రెండూ కలగాపులగం అవుతాయి. వినడం నేర్పితే చాలనుకున్నాను, వినపడని వాళ్ళను ఏం చేయాలో ఆలోచించలేదు. సోమవారానికి ఒక్క రోజు ఉంది. బాపు బాబాయి ఇంట్లో ఉన్నాడు. నేను ఒక బావి గట్టు మీద కూర్చుని, కోపంతో ఏడ్చేశాను.

పెద్దబాపు దగ్గరకు వచ్చి, ఏమైందని అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కర్ర నేలకు ఆనించి, గుట్ట వైపు చూస్తూ మాట్లాడాడు.

"మీ బాపుకు గూడ గిదే కత అయింది. గుట్ట అవుతలోల్లకు మా మోటర్ ఇనవడకపోతుండె. గప్పుడు మోటర్ కాడ బల్బు పెట్టుమన్నడు. డీపీ అందరికి ఒక్కటే గద. ఎవలు మోటర్ ఏసినా అందరి బల్బు దిగుతది. బల్బు దిగితే ఆగుడు, నిండుగ ఎలిగితే ఏసుడు."

నేను కళ్ళు తుడుచుకోవడం మరిచిపోయాను. ఒకరి మాట ఒకరికి వినపడకపోయినా, నడుమ ఉన్నది అందరికీ కనపడుతుంది. నా ట్యాంకు మీది డబ్బా మాట గుట్టకు రెండువైపులా వినిపిస్తుంది. దానికి ఇంకో రేడియో తగిలిస్తే, తాను ఎవరి మాటైనా వింటున్నంతసేపు వేరే ఛానల్‌లో 'పని మీద ఉన్నాను' అని చెబుతూ ఉంటుంది. మిగతావి మాట్లాడే ముందు దాని వైపు కూడా ఒక చెవి వేయాలి. అదే నా బల్బు. సంచిలో విడి రేడియో ఉంది. లేచి పరుగెత్తబోయాను.

పెద్దబాపు మాట ఇంకా అయిపోలేదు. బల్బు వెలుగు సగానికి సగం తగ్గిపోతే డీపీకి ఇక చాలని అర్థమట. మిగిలినవాళ్ళు ముందువాళ్ళు బంద్ చేసేదాకా ఆగాలి. ఆ మిగిలేది ఎవరని ఊళ్ళో గొడవైంది. రూలు పెట్టినవాడు తన లాభానికే పెట్టాడని ఒకరిద్దరు అన్నారు. అందులో తానూ ఉన్నానని పెద్దబాపు దాచకుండా చెప్పాడు. దానికి బాపు, అయితే నా మోటారు ఎప్పుడూ అందరికన్నా ఆఖర్న వేస్తానన్నాడట. అన్న మాట తప్పలేదు. చాలా రోజులు ఆయన వంతు రాకముందే కరెంటు పోయేది.

"మూడేండ్లు పంట ఎండింది. నోరిప్పి ఒక్క మాట అనలే. సామాను కట్టుకొని నాందేడ్ వోయిండు."

చేనుకు నీళ్ళు అందలేదని మా ఇంట్లో అనే మాటకు అర్థం ఇదని నాకు ఇన్నేళ్ళకు తెలిసింది. బాపు మీద కోపమొచ్చింది, ఆయన కూతురినైనందుకు గర్వమూ వచ్చింది, రెండిట్లో గర్వమే ఎక్కువ.

ట్యాంకు మీది డబ్బాకు రెండో రేడియో తగిలించి, బాపునూ పెద్దబాపునూ వెంటబెట్టుకుని ఆ పగలంతా మళ్ళీ అరవై బావులూ తిరిగాం. దారిలో బాపు ఒక సలహా ఇచ్చాడు. ఈ చీటీలన్నీ ఎందుకు, ఒకటి నుంచి అరవై దాకా నంబర్ల వరసలో మాట్లాడమంటే పోతుంది కదా అన్నాడు. చెడ్డ సలహా కాదు, పెద్ద పెద్ద చోట్ల అలా వంతులు కట్టి నడిపేవాళ్ళూ ఉన్నారు. కానీ డబ్బాలు బిగించిన రోజున నంబర్లు వేసింది ఆయనే. మా బావికి అరవై వేసుకున్నాడు. పాత అలవాటని అప్పుడు నాకు తెలియదు, ఇప్పుడు తెలుసు.

"రోజు కొత్త చీటే బాపు. ఎప్పుడు ఒక్కలే ఆఖరుకు ఉండద్దు," అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. పెద్దబాపు వైపు కూడా చూశాడు. పెద్దబాపు కర్రతో దారిలో ముళ్ళకంప పక్కకు తోస్తూ ముందుకు నడిచాడు.

సోమవారం పొద్దున గట్ అంతా ట్యాంకు కింద చేరింది. నేను మెట్టు మీద, ఫోన్ చేతిలో. బాపు దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కరెంటు వచ్చింది. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత ఇరవై రెండో నంబరు బావి. తర్వాత ఏడు. యాభై ఒకటి. ఎవరి నంబరు వస్తే వాళ్ళు పేరు పిలిపించుకున్న పిల్లల్లా చెయ్యెత్తారు. గుట్ట అవతలివి, ఇవతలివి ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ వచ్చాయి. నలభై దాటాక అందరూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. యాభై ఎనిమిది దగ్గర కాస్త ఆగింది. నేను ఫోన్ కళ్ళకు దగ్గరగా తెచ్చుకున్నాను. యాభై తొమ్మిది వచ్చింది. అరవై నిండింది. ఆఖరున వచ్చింది పెద్దబాపు బావి. ఆయన మోచేత్తో పక్కవాణ్ణి పొడిచి, ఇయ్యాల నేనే ఆఖరట అని నవ్వాడు. అంత గర్వం నా ఒంట్లో పడుతుందని నాకు అంతకుముందు తెలియదు. ఎవరూ డబ్బా పీకుదామనలేదు. పక్క ఊరి వాళ్ళకు ఎప్పుడు పెడతావని ఒకరు అప్పుడే అడిగారు. ఇంకా ఎన్ని వచ్చినా నా డబ్బాలు ఆగగలవని చెప్పాను.

అందరూ లేస్తుండగా బాపు మెల్లగా దగ్గరకు వచ్చాడు. అరవై వచ్చాయా అని అడగలేదు.

"మనది ఎన్నోది అచ్చింది?"

ఫోన్‌లో జాబితా వెనక్కి జరిపి చూశాను. "పద్నాలుగు, బాపు."

"పద్నాలుగా," అన్నాడు. ఇంకోసారి అదే మాట తనలో తాను అనుకున్నాడు. ముందు మాట్లాడినంత మాత్రాన చేనుకు నీళ్ళు ఎక్కువ రావని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఊళ్ళో డీపీ కూడా ఇప్పుడు పెద్దది. అయినా ఆయన కండువాతో ముఖం తుడుచుకుని, చాలాసేపు ఆ కండువా ముఖం మీదనే ఉంచుకున్నాడు.

ఇప్పుడు నాందేడ్‌లో దుకాణం తెరవగానే బీరువా మీదుగా రోజూ ఒకటే ప్రశ్న, ఇయ్యాల మనది ఎన్నోది అని. ముప్పై రెండు అంటాను, అయిదు అంటాను. ఒకరోజు చూస్తే మాదే అరవయ్యోది, అందరికన్నా ఆఖరు. అబద్ధమాడదామా అనుకున్నాను. చివరికి నిజమే చెప్పాను.

బాపు రాగి తీగ చుట్టడం ఆపలేదు. "కానియ్యి. రేపు ఇంకోలది," అన్నాడు.